ఇంట్లో కారు పనికి టార్క్ రెంచ్, సాకెట్ సెట్: ఏ కొలతవి కొనాలి?

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు)

అందరికీ నమస్కారం. మా దగ్గర పదేళ్ళు దాటిన పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఇంజన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు మార్చుకోవడం, చక్రాలు విప్పి ముందువి వెనక్కి వేసుకోవడం వంటి పనులు ఇకమీదట ఇంటి దగ్గరే చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. దీనికి కారణం గత నెలలో జరిగిన ఒక సంఘటన. రాత్రివేళ విజయవాడ నుంచి తిరిగి వస్తుండగా మంగళగిరి దాటి, కాజ టోల్ ప్లాజా ఇంకా రాకముందే వెనక టైరు పంక్చరయింది. స్టెప్నీ వేద్దామని కారుతో వచ్చిన ఎల్ పానా పెట్టి, దాని మీద నా బరువంతా మోపినా రెండు నట్లు కదలనే లేదు. మూడోది ఎలాగో వచ్చింది కానీ, నాలుగో నట్టు తిరుగుతూ తిరుగుతూ, అది బిగిసే మరల కడ్డీ అయిన స్టడ్‌తో సహా విరిగి చేతికి వచ్చింది. అంతకు వారం ముందే ఒక టైర్ల దుకాణంలో గాలి గన్నుతో ఆ చక్రాలు బిగించారు. కారులో మా అమ్మ ఉండగా రెండు గంటలపాటు రోడ్డు పక్కన నిలబడవలసి వచ్చింది.

కారు పుస్తకంలో వీల్ నట్లకు 100 న్యూటన్ మీటర్లు (బిగింపు బలానికి, అంటే టార్క్‌కు కొలమానం), ఆయిల్ డ్రెయిన్ ప్లగ్‌కు 35, స్పార్క్ ప్లగ్గులకు 18 అని ఉంది. నేను పెట్టగలిగింది దాదాపు 8,000 రూపాయలు. అర అంగుళం డ్రైవ్‌తో (సాకెట్ తగిలించే చదరపు కొన), 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల వరకు కొలిచే పెట్టిన బిగింపు రాగానే టక్కుమనే క్లిక్ రకం టార్క్ రెంచ్ ఒకటి, వందకు పైగా ముక్కలున్న సాకెట్ పెట్టె ఒకటి చూసి పెట్టుకున్నాను. ఈ ఒక్క రెంచ్‌తో మూడు పనులూ జరుగుతాయా? అంత పెద్ద పెట్టె నిజంగా అవసరమా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (జవహర్ ఆటోనగర్, విజయవాడ)

మీకు జరిగింది మా షెడ్డుకు వచ్చేవారిలో చాలామందికి జరుగుతున్నదే. విరిగిన స్టడ్ బలహీనమైనది కాదు, అతిగా సాగదీయబడినది. నట్టు బిగిస్తున్నప్పుడు స్టడ్ స్ప్రింగులా కొద్దిగా సాగుతుంది, ఆ సాగుడే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. హద్దు దాటించి బిగిస్తే అది సాగినచోటే ఉండిపోతుంది, మళ్ళీ వెనక్కి రాదు. అటువంటి స్టడ్ తర్వాత ఎప్పుడో విప్పేటప్పుడు తెగుతుంది. అందువల్ల విరిగిన ఒక్కదాన్నే కాకుండా ఆ చక్రానికున్న నాలుగు స్టడ్‌లనూ, వాటితోపాటు నట్లనూ మార్చండి.

ఇక మీ ప్రశ్న. ఒకే రెంచ్ మూడు పనులూ చేయలేదు. 28 నుంచి గీతలు ఉన్నంతమాత్రాన అది 28 దగ్గర నమ్మదగినదని కాదు. క్లిక్ రెంచ్‌లను సాధారణంగా వాటి గరిష్ఠ విలువలో 20, 60, 100 శాతాల దగ్గర పరీక్షిస్తారు. 210లో 20 శాతం అంటే 42. మీ డ్రెయిన్ ప్లగ్ 35, అంటే ఆ రెంచ్‌ను నమ్మలేని భాగంలో పడుతుంది. స్పార్క్ ప్లగ్ 18 అయితే గీతల్లోనే లేదు. డ్రెయిన్ ప్లగ్ బిగిసే ఆయిల్ ఛాంబర్ చాలా కార్లలో అల్యూమినియంతో చేసినదే, దాని మరలు పోతే ఖర్చు మీ రెంచ్ ధరను మించిపోతుంది. నా అభిప్రాయంలో చక్రాలకు అర అంగుళం డ్రైవ్‌ది ఒకటి, డ్రెయిన్ ప్లగ్ వంటి వాటికి 50, 60 దాకా కొలిచే చిన్నది ఒకటి, రెండూ కొనడం మేలు. సాకెట్ పెట్టెకు అనుకున్న డబ్బులో కొంత ఇటు మళ్ళించండి.

స్పార్క్ ప్లగ్గులకు రెంచ్ లేకపోయినా పద్ధతి ఉంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక, వాషరున్న కొత్త ప్లగ్గును చేతితో ఆగేవరకు తిప్పి, ఆ తర్వాత సగం నుంచి మూడింట రెండు వంతుల చుట్టు మాత్రమే బిగించాలి. పాత ప్లగ్గునే తిరిగి వేస్తుంటే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కనుక పన్నెండో వంతు చుట్టు చాలు. ప్లగ్గు డబ్బా మీద వేరే కోణం రాసి ఉంటే దాన్నే పాటించండి.

మరొక్క మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. స్టడ్‌ల మరలకు నూనె, గ్రీజు రాయకండి. మనం పెట్టే బలంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు మరల దగ్గర, నట్టు ముఖం దగ్గర రాపిడికే పోతుంది, మిగిలిన ఒక్క వంతే స్టడ్‌ను సాగదీస్తుంది. నూనె రాస్తే రాపిడి తగ్గి, రెంచ్ 100 దగ్గరే క్లిక్ మన్నా స్టడ్ మీద పడే లాగుడు బాగా పెరిగిపోతుంది. తుప్పు పట్టి ఉంటే ఇనుప బ్రష్‌తో శుభ్రం చేసి పొడిగానే బిగించండి.

సమాధానం (పటమట, విజయవాడ)

పై సోదరుడు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. నేను వృత్తిరీత్యా మెకానిక్‌ను కాను, పద్నాలుగేళ్ళుగా ఇంట్లో మా కార్లు చూసుకుంటున్నాను. సాకెట్ల గురించి నాకు తెలిసింది చెబుతాను.

వంద ముక్కల పెట్టెలో సగానికి పైగా స్క్రూడ్రైవర్ బిట్లూ, ఎప్పటికీ ముట్టుకోని అంగుళాల సైజులే ఉంటాయి. మన కార్లకు 8, 10, 12, 13, 14, 17, 19 మిల్లీమీటర్ల సైజులు ఉంటే తొంభై పాళ్ళ పని అవుతుంది. హ్యుందాయ్ కార్లలో చాలావాటికి వీల్ నట్టు 21 కనుక మీ నట్టును ముందు కొలిచి చూసుకోండి. లోపల ఆరు మూలలున్న సాకెట్లే తీసుకోండి. పన్నెండు మూలలవి తొందరగా కూర్చుంటాయి కానీ, నట్టు అంచుల మీద ఒత్తిడి పడి, కాస్త అరిగిన నట్టయితే గుండ్రంగా చేసేస్తాయి. స్పార్క్ ప్లగ్గుకు లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్న ప్రత్యేక సాకెట్ కావాలి. మీ ప్లగ్గు 16దా, 21దా అనేది చూసుకోకుండా కొనవద్దు. టపారియా, స్టాన్లీ వంటి పేరున్నవాటిలో ఈ సాకెట్లు విడివిడిగా కూడా దొరుకుతాయి కనుక, పెట్టె కొనకుండా ఆటోనగర్ దుకాణాల్లో మీ జాబితా ప్రకారం ఏరుకోవచ్చు.

రెంచ్ విషయంలో నాది కొద్దిగా భిన్నమైన అభిప్రాయం. మీ నట్లకు 100 చాలు కాబట్టి, 20 నుంచి 110 వరకు కొలిచే, త్రీ బై ఎయిట్ అంగుళం డ్రైవ్ రెంచ్ ఒక్కటి కొంటే చక్రాలకూ డ్రెయిన్ ప్లగ్‌కూ సరిపోతుంది. నేను అదే వాడుతున్నాను.

సమాధానం (జవహర్ ఆటోనగర్, విజయవాడ)

మీ లెక్క తప్పు కాదండీ. ఇక్కడ చూడవలసింది పిడి పొడవు. డ్రైవ్ నుంచి పిడి మధ్యకు 30 సెంటీమీటర్లుంటే 100 న్యూటన్ మీటర్లకు దాదాపు 34 కిలోల బలంతో లాగాలి. 40 సెంటీమీటర్లుంటే 25 కిలోలు సరిపోతాయి. పదహారు నట్లు ఒకదాని తర్వాత ఒకటి బిగించేటప్పుడు ఆ తేడా భుజానికి తెలుస్తుంది. బలం ఎక్కువ పెట్టవలసి వస్తే మనిషి నెమ్మదిగా లాగడం మానేసి కుదుపుతో లాగుతాడు, క్లిక్ దాటిపోతుంది. పైగా రేపు 120 అడిగే కారు కొంటే ఆ రెంచ్ పనికిరాదు. ఒక్కటే కొనగలిగే పరిస్థితి అయితే మాత్రం మీరు చెప్పినది మంచి ఎంపికే.

నట్లు విప్పడానికి టార్క్ రెంచ్ వాడకండి, దానికి పొడవాటి బార్ వేరే ఉండాలి. బిగించేటప్పుడు టైరు నేలను తాకేలా జాకీ కొంచెం దించి, ఎదురెదురు నట్లను రెండు విడతలుగా బిగించి, ఒక్క క్లిక్ వినపడగానే ఆపేయాలి. పని అయ్యాక స్ప్రింగును కనిష్ఠ గీతకు తెచ్చి ఉంచండి. అంతకంటే కిందికి తిప్పవద్దు.

ప్రశ్న అడిగినవారు (అరండల్‌పేట, గుంటూరు)

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. కొత్త రెంచ్ చూపేది నిజమేనని ఇంట్లో తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా?

సమాధానం (జవహర్ ఆటోనగర్, విజయవాడ)

ఉంది. కచ్చితమైన ధ్రువపత్రం కావాలంటే, పరీక్షా ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌కు పంపాలి. ఏడాదికోసారి గానీ, 5,000 క్లిక్కులకోసారి గానీ పరీక్షించుకోవడం పద్ధతి. ఇంటి అవసరానికి 20 లీటర్ల నీళ్ళ టిన్ను చాలు. బెంచి వైస్‌లో పెద్ద బోల్టును కదలకుండా బిగించి, దాని తలకు సాకెట్ పెట్టి, రెంచ్‌ను నేలకు సమాంతరంగా ఉంచి, డ్రైవ్ మధ్య నుంచి సరిగ్గా 40 సెంటీమీటర్ల దగ్గర పిడికి తాడుతో టిన్నును వేలాడదీయండి. టిన్నును చేతితో పట్టుకొని మెల్లగా వదలాలి, జారవిడవకూడదు. టిన్నుతో కలిపి బరువు 20.8 కిలోలైతే దాదాపు 82 న్యూటన్ మీటర్లు అవుతుంది. రెంచ్ సొంత బరువు కిలోన్నర ఉంటే మరో 3 కలుపుకోండి, మొత్తం 85. అంటే 80 దగ్గర పెట్టినప్పుడు క్లిక్ మనాలి, 90 దగ్గర పెట్టినప్పుడు అనకూడదు.

ప్రశ్న అడిగినవారు (అరండల్‌పేట, గుంటూరు)

నిన్నటికి పని పూర్తయింది. రెండు రెంచ్‌లూ తీసుకున్నాను, సాకెట్లు మాత్రం విడిగా తొమ్మిదే కొన్నాను. మీరు చెప్పిన నీళ్ళ టిన్ను పరీక్షను మా వీధి వెల్డింగ్ దుకాణంలోని వైస్ మీద చేశాను. 80 దగ్గర, 83 దగ్గర క్లిక్ మంది, 87 దగ్గర అనలేదు. ఆ వెనక చక్రానికి నాలుగు స్టడ్‌లూ కొత్తవి వేయించి, నట్లు నేనే 100కు బిగించాను. 80 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ రెంచ్ పెట్టి చూస్తే మూడు నట్లు కదలకుండానే క్లిక్ మన్నాయి, ఒకటి మాత్రం పిసరంత తిరిగి ఆగింది. వచ్చే ఆదివారం మిగిలిన మూడు చక్రాల నట్లు విప్పి మళ్ళీ బిగిస్తాను.