టెక్సాస్‌లో పాత ఫెలొనీ (తీవ్ర నేరం) కేసు పత్రాలు పొందడం ఎలా?

మా తమ్ముడిపై 2009లో టెక్సాస్‌లోని కాలిన్ కౌంటీలో నమోదై, తర్వాత కొట్టివేసిన ఫెలొనీ కేసు తుది ఉత్తర్వు, కోర్టు ముద్రతో సహా, హైదరాబాద్ అమెరికన్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూకు కావలసి వచ్చింది. అక్కడ ఫెలొనీ దస్త్రాలు కౌంటీ క్లర్క్ వద్ద కాక డిస్ట్రిక్ట్ క్లర్క్ (జిల్లా కోర్టు రికార్డుల అధికారి) వద్ద ఉంటాయని, కౌంటీ క్లర్క్ చూసేది చిన్న నేరాల కేసులనీ తెలుసుకున్నాను. ఆన్‌లైన్‌లో పేరు, పుట్టిన తేదీతో వెతికితే కేసు నంబరు, వాయిదాల వివరాలు వస్తున్నాయి గాని, ఉత్తర్వు ప్రతి మాత్రం తెరుచుకోవడం లేదు.

తమ్ముడు ఇప్పుడు గుంటూరులో ఉన్నాడు. ఇండియా నుంచి దరఖాస్తు పంపినవారు రుసుము ఎలా చెల్లించారు? టెక్సాస్‌లోనే ఫ్రిస్కోలో ఉన్న మా బంధువు స్వయంగా వెళ్లి తీసుకోవాలంటే తమ్ముడి సంతకంతో అధికార పత్రం అడుగుతారా? ఎక్స్‌పంక్షన్ (కేసు రికార్డును చట్టపరంగా చెరిపివేయడం) ఉత్తర్వు వచ్చాక ఆ దస్త్రం మళ్లీ దొరకదు కనుక, దానికి ముందే ధ్రువీకృత ప్రతులు ఎన్ని తీసిపెట్టుకోవడం మంచిదో కూడా అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.