ఎపిడ్యూరల్ (నడుములో ఇచ్చే మత్తు ఇంజెక్షన్) కుదరకపోతే నొప్పులకు ఇంకేం వాడారు? బెంగళూరులో కన్నవాళ్ళు చెప్పండి

కేఆర్‌పురం_పద్మ:
నాకు 36వ వారం, తొలి కాన్పు. ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి, రక్తం సరిగ్గా గడ్డకట్టదేమోనని ఎపిడ్యూరల్ ఇవ్వాలో వద్దో ఆఖర్లో చూసి చెప్తామన్నారు మత్తు డాక్టర్. నొప్పి మందు ట్రమడాల్ నాకు పడదు, ఒకసారి పన్ను పీకించుకున్నప్పుడు ఇస్తే రోజంతా వాంతులే. ఇక మిగిలినవేంటి? పారాసెటమాల్ ఎక్కిస్తారని విన్నాను. వాడినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. అమ్మేమో "మేం కనలేదా?" అంటోంది. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

మారతహళ్ళి_సుధ:
పద్మా, నాకు ఎక్కించారు. 100 ఎంఎల్ చిన్న సీసా, అందులో ఒక గ్రాము, పావుగంటలో అయిపోయింది. అప్పటికి గర్భసంచి ముఖద్వారం 3 సెంటీమీటర్లు తెరుచుకుంది. నొప్పికీ నొప్పికీ మధ్య నడుము సలుపుతుంది చూడు, అది తగ్గింది. గంట సేపు కునుకు పట్టింది. నొప్పి వచ్చినప్పుడు మాత్రం పట్టు పట్టే. 7 సెంటీమీటర్లు దాటాక అది ఎక్కించారన్న సంగతే గుర్తులేదు. అయినా ఆ గంట నిద్ర లేకపోతే చివర్లో ముక్కడానికి ఓపిక ఉండేది కాదు నాకు.

బొమ్మనహళ్ళి_రమ:
నాకు జరిగింది నీకు జరగకూడదని రాస్తున్నా. ఆస్పత్రి పేరు వద్దు. వరసగా ఇంజెక్షన్లు ఇచ్చారు. నొప్పి తగ్గడానికేమో అనుకుని ఎదురుగా గోడ గడియారం చూస్తూ పడుకున్నా, ఇంకో పది నిమిషాల్లో తగ్గుతుంది, ఇంకో పది నిమిషాల్లో తగ్గుతుంది అని. తగ్గలేదు. నాకే ఓర్పు లేదేమోనని ఏడ్చాను. డిశ్చార్జి కాగితాల్లో చూస్తే డ్రోటావెరిన్, బస్కోపాన్. అవి గర్భసంచి ముఖద్వారం త్వరగా తెరుచుకోవాలని ఇచ్చేవట! నోరు పిడచగట్టుకుపోయి గుండె దడదడలాడింది బస్కోపాన్ వల్లేనని తర్వాత తెలిసింది. ఒక్క ముక్క ముందు చెప్పి ఉంటే అంత కుమిలిపోయేదాన్ని కాదు.

లేబర్‌రూమ్_సిస్టర్:
నేను నర్సుని, మాది చిత్తూరు, ఇక్కడ పదకొండేళ్ళ సర్వీసు. రమగారూ, మీ ఓర్పులో లోపమేమీ లేదమ్మా, మా వాళ్ళు చెప్పి ఉండాల్సింది.

పద్మా, ఇంజెక్షన్ తెచ్చినప్పుడల్లా పేరు అడుగు. ఫెనర్గాన్ నిద్రకు, వాంతులు ఆగడానికి. దాంతోపాటు తరచుగా ఫోర్ట్‌విన్ కలిపి ఇస్తారు, అది ట్రమడాల్ లాగే మార్ఫిన్ జాతిదే. నీకు ట్రమడాల్ పడలేదని కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో రాయించుకో. డైక్లోఫెనాక్ కాన్పు ముందు అడగొద్దు, బిడ్డ గుండె దగ్గర పుట్టేదాకా తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం ఉంది. కాన్పయ్యాక కుట్ల నొప్పికి అదే ఇస్తాం.

మార్ఫిన్ జాతివి కాని ఇలాంటి మందుల మీద 2012లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే సంస్థ) వాళ్ళు 19 పరీక్షలు ఒకచోట చేర్చి చూశారు. నిద్ర మందులతో కొంత ఉపశమనం కనిపించింది, మొత్తం మీద గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. నేను చూసేదీ అంతే. సుధగారు చెప్పినట్టు నొప్పి పదును కాస్త తగ్గుతుంది, నొప్పి పోదు.

గ్యాస్ గురించి కూడా అడుగు. సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. మాస్కు నీ చేత్తోనే పట్టుకోవాలి. పట్టు మొదలవుతుండగానే పీల్చాలి, పనిచేయడానికి అర నిమిషం పడుతుంది. నొప్పి పైకొచ్చాక పీలిస్తే లాభం లేదు. కొందరికి తల తిరిగి వికారం వస్తుంది, మాస్కు తీసేస్తే కాసేపట్లో సర్దుకుంటుంది.

వైట్‌ఫీల్డ్_శ్రీను:
మా ఆవిడ కాన్పుకు గ్యాస్ ఉందన్నారు. రాత్రి రెండింటికి అడిగితే సిలిండర్ ఖాళీ! అందుకే ఉందా అని కాదు, రాత్రిపూట కూడా ఇస్తారా అని అడగండి. లోపలికి ఒకరిని రానిస్తారో లేదో కూడా. నన్ను రానిచ్చారు. తనని పక్కకు తిప్పి, నడుము కింద ఎముక మీద అరచేతి మడమతో గట్టిగా నొక్కి పట్టుకునేవాణ్ణి. చెయ్యి తీస్తే చాలు, "తీయొద్దు" అని అరిచేది. తెల్లారేసరికి నా మణికట్టు వాచింది.

కేఆర్‌పురం_పద్మ:
అందరికీ దండాలు. సిస్టర్ గారూ, ఎర్ర సిరా మాట మా ఆయనకు చెప్పాను, ఫైలు అట్ట మీద ఇప్పుడే పెద్దక్షరాలతో రాశారు. రమక్కా, నీది అమ్మకు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తనకు నేను పుట్టినప్పుడు అమ్మమ్మ రాత్రంతా నడుము నొక్కిందని చెప్పింది. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. లోపలికి తనే వస్తానంటోంది.