మెంథాల్ వేస్తే ప్రోస్టేట్ సెల్స్‌లో కాల్షియం పెరుగుతోంది, ఇది నిజంగా టీఆర్‌పీఎం8 పనేనా?

అందరికీ నమస్తే, ప్రోస్టేట్ క్యాన్సర్ మీద పీహెచ్‌డీ రెండో సంవత్సరం. టీఆర్‌పీఎం8 అని చల్లదనాన్ని పసిగట్టే ఛానెల్ ఉంది కదా, పుదీనాలో ఉండే మెంథాల్‌కి తెరుచుకునేది, అది ప్రోస్టేట్ సెల్స్‌లో బాగా ఉంటుంది, ఆండ్రోజెన్ (మగ హార్మోన్) ఉంటే ఇంకా ఎక్కువ తయారవుతుంది.

ఎల్‌ఎన్‌క్యాప్ అనే ప్రోస్టేట్ క్యాన్సర్ సెల్స్‌కి కాల్షియంని చూపించే ఫ్యూరా-2 డై లోడ్ చేసి 340, 380 నానోమీటర్ల వెలుగులో దాని మెరుపు రేషియో చూస్తున్నా, అది పెరిగితే కాల్షియం పెరిగినట్టు. మెంథాల్ వేయగానే గ్రాఫ్ పైకి లేచింది, చాలా సంతోషమేసింది. కానీ బయట కాల్షియం తీసేసి, మిగిలిన కాస్తని కూడా పట్టేసే ఈజీటీఏ కలిపిన బఫర్‌లో కూడా చిన్న పీక్ వస్తోంది. ఈ ఛానెల్ సెల్ లోపల కాల్షియం దాచుకునే ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) పొర మీద కూడా ఉంటుందని చదివా, సరే లోపలి స్టోర్స్ నుంచి వస్తోందేమో అని ముందే థాప్సిగార్జిన్ ఇచ్చి వాటిని ఖాళీ చేశా, పీక్ పోయింది, అయినా అది రుజువు కాదు కదా, ఏ దారిన వచ్చినా స్టోర్ ఖాళీగా ఉంటే రాదు. పైగా ఆండ్రోజెన్ రిసెప్టర్ దాదాపు లేని, అందుకే ఈ ఛానెల్ తక్కువే ఉండాల్సిన పీసీ-3 అనే మరో రకం ప్రోస్టేట్ క్యాన్సర్ సెల్స్‌లోనూ మెంథాల్‌కి కాస్త కదలిక కనిపించేసరికి నా నమ్మకం సగం పోయింది.

ఇప్పుడు ఈ ఛానెల్‌ని తెరిచే మరో పదార్థం ఐసిలిన్‌తో మళ్ళీ చూడాలా, లేక నేరుగా ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో (ఒక ప్రోటీన్ తయారీని అడ్డుకునే చిన్న ఆర్‌ఎన్‌ఏ) ఛానెల్‌ని తగ్గించి చూడాలా? మీరైతే ముందు ఏది చేస్తారు?

ఇంకోటి, ఎల్‌ఎన్‌క్యాప్ సెల్స్ గ్లాసుకి సరిగ్గా అంటుకోవట్లేదు, పాలీలైసిన్ పూసినా బఫర్ మార్చగానే పొరలు పొరలుగా లేచి కొట్టుకుపోతున్నాయి. నిన్న ఆరు కవర్‌స్లిప్‌లలో రెండే మిగిలాయి. ఎవరైనా దీనికి దారి చెప్పండి ప్లీజ్.