కొత్త బిల్డింగులకి కార్బన్ రూల్ ఎవరు పెట్టాలి, లోకల్ కౌన్సిలా పై ప్రభుత్వమా?

పునాదిరాయి:
లండన్‌లో మెర్టన్ అనే కౌన్సిల్ 2003లో ఒక రూల్ పెట్టింది. వెయ్యి చదరపు మీటర్లు దాటిన కొత్త కమర్షియల్ బిల్డింగ్ కట్టాలంటే దానికి పట్టే ఎనర్జీలో 10 శాతం సోలార్ లాంటి వాటితో అక్కడికక్కడే రావాలి, లేదంటే పర్మిషన్ లేదు. దాన్ని చూసి వేరే కౌన్సిళ్ళూ అందుకున్నాయి, 2008లో పార్లమెంటే చట్టం చేసి వాటికి ఆ పవర్ ఇచ్చింది. పైవాళ్ళు కదిలేదాకా కూర్చోకుండా ఎక్కడికక్కడ ఇలా పెట్టేయాలంటాను. కాదంటారా?

సైటుమనిషి:
నేనంటాను. రోడ్డు దాటగానే ఇంకో కౌన్సిల్, ఇంకో లెక్క, నిన్న పాసైన గోడ డిజైన్ ఇవాళ పనికిరాదు, ఇట్లయితే కట్టేవాడు ఏం చావాలి? పైగా 10 శాతం రూల్ గోడల్ని పట్టించుకోదు బ్రో. గోడలు జల్లెడలా ఉన్నా టెర్రస్ మీద ప్యానెళ్ళు కనిపిస్తే చాలు.

పునాదిరాయి:
అదెలా? ఎక్కువ తినే బిల్డింగ్‌కి ప్యానెళ్ళూ ఎక్కువ కావాలి కదా, ఆ ఖర్చు చూసైనా గోడలు బాగుచేసుకుంటారు.

చల్లగాలి:
ఇద్దరూ డ్రాయింగ్ గురించే కొట్టుకుంటున్నారు. బిల్డింగ్‌లో గాలి ఎక్కడ లీకవుతుందో పట్టే బ్లోయర్ డోర్ టెస్ట్ ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? మెయిన్ డోర్ ఫ్రేమ్‌కి గుడ్డ బిగించి అందులో పెద్ద ఫ్యాన్ పెట్టి, లోపలికీ బయటికీ 50 పాస్కల్స్ ప్రెజర్ తేడా వచ్చేదాకా గాలి లాగుతారు. మా సైట్‌లో ఒకసారి అలా లాగుతుంటే స్విచ్‌బోర్డు దగ్గర చెయ్యి పెట్టా, సన్నగా గాలి కొడుతోంది, సింక్ కింద పైపు కోసం కొట్టిన బొక్క ఎవరూ పూడ్చనేలేదు. డ్రాయింగ్‌లో మాత్రం అంతా పర్ఫెక్ట్! రూల్ ఎవరిదైనా సరే, కట్టాక కొలవకపోతే దండగ. న్యూయార్క్ సిటీ 2019లో చేసిన లోకల్ లా 97 నాకు నచ్చేది అందుకే, 25 వేల చదరపు అడుగులు దాటిన బిల్డింగులు నిజంగా ఎంత వాడాయో చూసి, కార్బన్ లిమిట్ దాటితే దాటిన ప్రతి టన్నుకి 268 డాలర్ల ఫైన్ వేస్తారు.

సైటుమనిషి:
అది పాత బిల్డింగులకి కూడా కదా, అది వేరే గొడవ. కానీ కొలవాలన్నది ఒప్పుకుంటా. లండన్ మొత్తానికీ ఉన్న బిల్డింగ్ రూల్స్, అదే లండన్ ప్లాన్‌లో అయితే కార్బన్‌ని 35 శాతం సైట్‌లోనే తగ్గించాక మిగిలినదానికి డబ్బు కట్టేయొచ్చు, టన్నుకి 95 పౌండ్ల చొప్పున 30 ఏళ్ళకి, అంటే ఏడాదికి టన్ను చొప్పున మిగిలితే 2,850 పౌండ్లు. కొందరు బిల్డర్లకి గోడ మందం పెంచడం కన్నా చెక్కు రాయడమే తేలిక.

పునాదిరాయి:
అదే 2021 ప్లాన్‌లో పెద్ద ప్రాజెక్టులు కట్టాక కనీసం 5 ఏళ్ళు అసలు వాడకం రిపోర్ట్ చేయాలని కూడా ఉంది, అది చెప్పరేం?

చల్లగాలి:
రిపోర్ట్ చేస్తే సరిపోదు సార్, లెక్క తప్పితే ఏం చేస్తారో కూడా ఉండాలి. ఇంకోటి, సిమెంట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. సున్నపురాయి కాలిస్తే ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, బట్టీని ఏ కరెంటుతో నడిపినా అది ఆగదు. అదంతా కరెంటు మీటర్ పెట్టకముందే గాల్లో కలిసిపోయి ఉంటుంది, దాన్ని ఏ బిల్లులో చూపిస్తారు?