సబ్ సెంటర్‌లో వేసే రోటా చుక్కలు నాసిరకమా? అసలివి మనవా, అమెరికావా?

తెనాలి_నాన్న:

మా పాపకి ఈ శనివారంతో ఆరు వారాలు నిండుతాయి. ఆశా అక్క ఇంటికొచ్చి కార్డు చూసి, శనివారం సబ్ సెంటర్‌కి తీసుకురండి, పెంటా ఇంజెక్షన్‌తో పాటు రోటా చుక్కలు (రోటా వైరస్ విరేచనాలు రాకుండా వేసేవి) కూడా వేస్తారు అని చెప్పి వెళ్ళింది. నిన్న పాపకి జలుబని ఒక ప్రైవేటు పిల్లల డాక్టరుకి చూపిస్తే, ఆయనేమో గవర్నమెంటు రోటా లోకల్ సరుకండీ, సగం మందికే పనిచేస్తుంది, ఫారిన్‌ది వేయిద్దాం అన్నాడు, డోసు పదిహేను వందల పైమాటే. ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా మామగారు ఫోన్‌లో గంటసేపు వెతికి, ఇది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు ఎన్‌ఐహెచ్, సీడీసీ వాళ్ళు మన పిల్లల మీద ప్రయోగం చేసి తయారుచేసిన మందు, వేయించొద్దు అంటున్నారు. ఒకరు లోకల్ సరుకంటారు, ఒకరు అమెరికా మందంటారు, ఒకే సీసా గురించి రెండూ ఎలా నిజమవుతాయో నాకైతే అర్థం కావట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, మూడు రోజులే టైముంది.

శామీర్‌పేట_క్యూసీ:

రెండూ సగం సగం నిజమే, అందుకే మీకు తలనొప్పి. నేను హైదరాబాద్ దగ్గర మందుల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో వేరే కంపెనీలో క్యూసీలో (నాణ్యత పరీక్షలు) పనిచేస్తాను, ఈ గవర్నమెంటు రోటా చుక్కల మందు రోటావ్యాక్ సంగతి మాత్రం మా క్యాంటీన్‌లో పెద్దవాళ్ళు కథలా చెప్పుకుంటారు.

1985, 86 ప్రాంతంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో రోటా వైరస్ పాకింది, కానీ పిల్లలకి విరేచనాలే లేవు. మామూలుగా అయితే, జబ్బు లేదు కదా అని వదిలేస్తారు. డాక్టర్ ఎం.కె. భాన్ వదల్లేదు. ఆ పిల్లల్ని తర్వాత కూడా గమనిస్తే, కొంచెం పెద్దయ్యాక వాళ్ళకి రోటా వచ్చినా తీవ్రంగా రావట్లేదని తేలింది. అంటే వ్యాక్సిన్ చేసే పని ఆ వైరస్ దానంతటదే చేస్తోందన్నమాట. దాని పేరు 116ఈ. మనిషి వైరస్సే గానీ పశువుల రోటా నుంచి ఒక జన్యువు ఎప్పుడో సహజంగా వచ్చి కలిసింది, ల్యాబ్‌లో ఎవరూ అతికించలేదు.

వైరస్ దొరికితే సరిపోదు కదా. దాన్ని శుభ్రమైన కణాల్లో పెంచాలి, పిల్లల నోట్లో వేయదగ్గ స్థాయిలో తయారుచేయాలి, ఆ సదుపాయం అప్పుడు మనకి లేదు. 1987లో ఇండియా, అమెరికా ప్రభుత్వాలు వ్యాక్సిన్ యాక్షన్ ప్రోగ్రామ్ అని ఒప్పందం చేసుకున్నాయి. మన వైపు బయోటెక్నాలజీ శాఖ, వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, వాళ్ళ వైపు ఎన్‌ఐహెచ్, సీడీసీ. వైరస్ పరిశీలనలో సీడీసీ నుంచి రోజర్ గ్లాస్ మొదట్నుంచీ ఉన్నాడు, మొదటి ట్రయల్ లాట్లు ఎన్‌ఐహెచ్ ద్వారా తయారయ్యాయి. పెద్ద ఎత్తున తయారుచేసే పని హైదరాబాద్‌లో భారత్ బయోటెక్‌కి వచ్చింది, పాత్ అనే ఆరోగ్య సంస్థ, గేట్స్ ఫౌండేషన్ డబ్బులు తోడయ్యాయి. 2011లో ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పిల్లలతో మూడో దశ ట్రయల్ మొదలుపెట్టి, 2013 మేలో ఫలితాలు చెప్పారు, డోసు ఒక డాలరు అన్నారు, అప్పటి లెక్కలో 54 రూపాయలు. 2014లో లైసెన్సు, 2016లో మొదట నాలుగు రాష్ట్రాల్లో ఉచితంగా మొదలైంది, అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పసిపిల్లల వార్డు నుంచి మీ సబ్ సెంటర్ దాకా రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

మధ్యలో భాన్ గారే బయోటెక్నాలజీ శాఖ కార్యదర్శి అయ్యారు. ఫైలు కదలడానికి అదీ ఒక కారణమేనని నా అనుమానం. ఏజెన్సీల మధ్య ఒప్పందాలు కాగితం మీద చాలానే ఉంటాయి, వెంటపడేవాడు ఒకడుంటేనే కదులుతాయి.

కొలంబస్_బాబాయ్:

ఒహాయోలో ఉంటాను, మా ఇద్దరు పిల్లలకీ ఇక్కడి రోటా మందు రోటాటెక్ వేయించాం. ఆ డాక్టరుగారి సగం మందికే అన్న మాట గురించి ఒక్కటే చెప్తా. రోటావ్యాక్ తీవ్రమైన జబ్బుని సుమారు 55 శాతం ఆపుతుంది, అది నిజం. ఇక్కడ అమెరికాలో రోటాటెక్ అంతకంటే చాలా ఎక్కువ ఆపుతుంది, అదీ నిజం. కానీ అదే రోటాటెక్‌ని బంగ్లాదేశ్, వియత్నాంలలో ట్రయల్ చేస్తే 48 శాతం దగ్గరే ఆగింది. ఇతర పేగు ఇన్ఫెక్షన్లు, పోషణ, తల్లిపాలలోని యాంటీబాడీలు, ఇలా కారణాలు చాలా చెబుతారు. కాబట్టి ఫారిన్ సీసా తెనాలి వచ్చాక ఇక్కడి నంబరే చూపిస్తుందని అనుకోవద్దు.

ప్రశ్న_మానను:

అందరూ భజన చేస్తున్నారు గానీ, మామగారి భయం గాల్లోంచి పుట్టింది కాదు. అమెరికాలో 1998లో రోటాషీల్డ్ అనే రోటా మందు వచ్చి, కొందరు పిల్లలకి పేగు పేగులోకి చొచ్చుకుపోయే జబ్బు వస్తోందని 1999లో తీసేశారు. మన ట్రయల్‌లో ఆ పేగు జబ్బు సంగతి తేలాలని వెల్లూరు పిల్లల డేటా విడిగా చూపించమని కొందరు కోర్టుకి కూడా వెళ్ళారు. 1987 ఒప్పందం అప్పుడే మనవాళ్ళని గినీపిగ్స్ చేస్తున్నారని పేపర్లలో గొడవైంది. రెండు ప్రభుత్వాలు కలిసి పనిచేసినంత మాత్రాన డేటా అడగొద్దని కాదు కదా.

శామీర్‌పేట_క్యూసీ:

అడగాలి బ్రో, నేను కాదనట్లేదు. వెల్లూరు విషయంలో అప్పుడే నంబర్లు బయటపెట్టి ఉంటే ఇంత అనుమానం మిగిలేది కాదు, ఆ తప్పు ఒప్పుకోవాలి. కానీ తర్వాత ఏం చేశారో కూడా చెప్పాలిగా. మందు ప్రోగ్రామ్‌లోకి వచ్చాక దేశంలో 27 ఆసుపత్రుల్లో ఆ పేగు జబ్బుతో చేరిన పసిపిల్లల్ని లెక్కపెట్టి, డోసు వేసిన రోజులకీ జబ్బుకీ సంబంధం ఉందేమో చూశారు. 2020లో అచ్చయింది, సంబంధం కనపడలేదు. ఇంకోటి, 2005 నుంచే ఐసీఎంఆర్, సీడీసీ సాయంతో, విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరిన పిల్లల మలం పరీక్షలు చేయిస్తూ వచ్చింది. పదిమందిలో దాదాపు నలుగురికి రోటానే. మందు రాకముందు మన దేశంలో రోటాతో ఏడాదికి 78 వేలమంది పిల్లలు పోయేవారని అంచనా. ఆ లెక్కలే లేకపోతే, ఈ మందు కొనాలని ఢిల్లీలో ఎవరినీ ఒప్పించలేరు. నాకైతే ఈ మొత్తంలో బోరు కొట్టే ఆ లెక్కల పనే గొప్పగా అనిపిస్తుంది.

ఏఎన్ఎమ్_కృష్ణాజిల్లా:

తమ్ముడూ, సైన్సంతా వాళ్ళు చెప్పారు, నేను చేతిపని చెప్తాను. మా దగ్గరికి రోటా వస్తే వ్యాక్సిన్ క్యారియర్‌లో ఐస్ ప్యాక్‌ల మధ్య పెట్టుకొస్తాం. సీసా మీద, వేడికి మందు పాడైందో లేదో చెప్పే చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది, లోపలి చతురస్రం బయటి రంగుకంటే లేతగా ఉండాలి, మీరూ చూపించమని అడగండి, ఎవరూ కోప్పడరు. రోటావ్యాక్ అయితే అయిదు చుక్కలు, 6, 10, 14 వారాలకి. కొన్నిచోట్ల వేరే కంపెనీది పొడి కలిపి రెండున్నర ఎమ్మెల్ వేస్తారు, అదీ రోటానే, కంగారుపడొద్దు. ఒక బిడ్డకి మూడు డోసులూ ఒకటే అయితే మంచిది, అందుకే కార్డు మర్చిపోకండి. పాపకి ఏడుపు ఆగకుండా, వాంతులు, మలంలో రక్తం కనపడితే ఏ మందు వేయించినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

తెనాలి_నాన్న:

శనివారం వేయించాం. చుక్కలు గులాబీ రంగులో ఉంటే మా ఆవిడ ఒక్క క్షణం ఆగిపోయింది, ఏఎన్ఎమ్ అక్క ఇది ఇలాగే ఉంటుందమ్మా అంది. సీసా మీద గుర్తు చూపించమన్నాను, ఫోన్ టార్చ్ వేసి మరీ చూపించింది, మా మామగారు కళ్ళజోడు పెట్టుకుని నాకంటే ఎక్కువసేపు చూశారు. చుక్కలకి పాప మొహం చిట్లించింది గానీ ఏడవలేదు, ఏడుపంతా పెంటా ఇంజెక్షన్‌కి. రెండో డోసు నాలుగు వారాల తర్వాత కదా, అప్పుడు సంక్రాంతికి ఊరెళ్తే అక్కడ వేరే కంపెనీది ఉంటే ఏం చేయాలి అక్కా?

ఏఎన్ఎమ్_కృష్ణాజిల్లా:

వీలైతే పండక్కి ముందే తెనాలిలో వేయించుకుని వెళ్ళండి. కుదరకపోతే అక్కడ ఏదుంటే అది వేయించండి, డోసు మాత్రం వదలొద్దు.