అప్‌డేట్: పాత బరోలో వైన్ సీసా తెరిచాం

1996 నాటి బరోలో (ఇటలీ రెడ్ వైన్) సీసాని ముందే డికాంటర్‌లో (వైన్‌కి గాలి తగిలేలా పోసి ఉంచే గాజు కూజా) పోసి ఉంచాలా, తాగే ముందు తెరిస్తే చాలా అని పోయిన వారం అడిగాను కదా. నిన్న తూరిన్‌లో మా ఫ్రెండ్ ఇంట్లో తెరిచాం. మీరు చెప్పినట్టే సీసాను ముందు రోజు నిలబెట్టడంతో మడ్డి అడుక్కి దిగింది. కార్క్ మాత్రం సగానికి విరిగింది, ఒకటే టెన్షన్! చివరికి వడకట్టాం.

రంగు పలచగా, అంచున ఇటుక రంగులో ఉంటే పాడైందనుకున్నా. నెబ్బియోలో ద్రాక్షతో చేసింది ముదిరితే అలాగే ఉంటుందట. మొదటి గుక్కలో ఏమీ తెలియలేదు. గంట గడిచాక ఎండు గులాబీ రేకులు, కాస్త తారు వాసన! ఇన్నేళ్లయినా పచ్చి జామకాయంత వగరు.

పక్కనే 2001 నాటి బ్రూనెల్లో అనే ఇంకో ఇటలీ రెడ్ వైన్ కూడా తెరిచాం. పుల్లటి చెర్రీ రుచి, తాగడానికి తేలిక. మావాడి ఓటు దానికే. నాది బరోలోకే, కానీ రెండో గంటలో.