జోబెల్ పెట్టినా వూఫర్ గరుకు తగ్గలేదు, ఎందుకు?

మల్లేశ్వరం_మాధవ్:
ఆరున్నర అంగుళాల వూఫర్ (కింది స్వరాల స్పీకర్), ఒక ట్వీటర్ (పై స్వరాల స్పీకర్)తో రెండు పెట్టెలు కట్టాను. 2,500 హెర్ట్జ్ దగ్గర ధ్వనిని రెండింటికీ విడగొట్టడానికి 8 ఓముల లెక్కన వూఫర్‌కు 0.51 మిల్లీహెన్రీ కాయిల్ వేశాను. అమ్మ పొద్దున్నే సుప్రభాతం పెడితే పై స్వరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో 8.2 ఓముల రెసిస్టరు, 12 మైక్రోఫారడ్ కెపాసిటర్ కొని జోబెల్ (పౌనఃపున్యం పెరిగినా వూఫర్ ఓములు పెరగకుండా చూసే జత) కూడా పెట్టాను. తేడా ఏమీ తెలియడం లేదు.

యలహంక_రవి:
వూఫర్ వివరాలు చెప్పండి. జోబెల్ ఎక్కడ అతికించారు?

మల్లేశ్వరం_మాధవ్:
డీసీ నిరోధం 6.2 ఓములు, వాయిస్ కాయిల్ ఇండక్టెన్స్ 0.8 మిల్లీహెన్రీ. జోబెల్‌ను పెట్టె వెనక, యాంప్లిఫయర్ తీగలు వచ్చే టెర్మినళ్లకు అతికించాను.

యలహంక_రవి:
అక్కడే పొరపాటు జరిగిందండీ. మీ విలువలు సరైనవే: 6.2ను 1.25తో గుణిస్తే 7.75, దానికి దగ్గరగా దొరికేది 8.2. ఇండక్టెన్స్‌ను 8.2 వర్గంతో భాగిస్తే 12 మైక్రోఫారడ్. కానీ దాన్ని కాయిల్ దాటిన తర్వాత, వూఫర్ రెండు కాళ్ల మధ్యే పెట్టాలి.

మీ వూఫర్ 2,500 హెర్ట్జ్ దగ్గర 8 ఓములు కాదు, లెక్క ప్రకారం 14 ఓములు. పైగా వూఫర్ లోపల ఉన్నదీ కాయిలే. రెండు కాయిళ్లు వరుసగా ఉంటే వోల్టేజీని పంచుకుంటాయి తప్ప పై ధ్వనులను కోయవు. 10,000 హెర్ట్జ్ దగ్గర 12 డెసిబెల్స్ తగ్గాల్సిన చోట మీకు 4 మాత్రమే తగ్గుతోంది. ఆ గరుకంతా వూఫర్ నుంచే వస్తోంది.

వైట్‌ఫీల్డ్_శ్రీధర్:
యాంప్లిఫయర్ బోర్డు మీద 10 ఓములు, 0.1 మైక్రోఫారడ్ జత ఉంటుంది కదా, అది చాలదా?

యలహంక_రవి:
చాలదు. అది మనకు వినపడని పౌనఃపున్యాల్లో యాంప్లిఫయర్ ఊగిపోకుండా కాపాడుతుంది. పేరు ఒకటే, పని వేరు. యాంప్లిఫయర్‌కు ముందే విడగొట్టి, ఒక్కో స్పీకర్‌కు ఒక్కో యాంప్లిఫయర్ ఇచ్చేవారికి మాత్రం క్రాసోవర్ (ధ్వనిని విడగొట్టే సర్క్యూట్) కోసం ఈ జోబెల్ అవసరమే ఉండదు.

జయనగర్_పద్మజ:
కాగితం మీది ఇండక్టెన్స్‌ను నమ్ముకోకండి. పోల్‌పీస్ (వాయిస్ కాయిల్ మధ్యలో ఉండే ఇనుప దిమ్మ)లో పుట్టే సుడి ప్రవాహాల వల్ల అది పౌనఃపున్యంతో పాటు మారుతుంది. నేను యాంప్లిఫయర్ నుంచి 1,000 ఓముల రెసిస్టరు గుండా స్పీకర్‌కు సంకేతం పంపి, స్పీకర్ మీద మిల్లీవోల్టులు రాసుకుంటాను. తర్వాత స్పీకర్ తీసి, అదే చోట 8.2 ఓముల రెసిస్టరు పెట్టి పోలుస్తాను. పౌనఃపున్యం మార్చిన ప్రతిసారీ ఈ పోలిక చేస్తే మామూలు మల్టీమీటర్ లోపం కూడా రద్దయిపోతుంది.

ఇంకొకటి, పావు వాట్ రెసిస్టరు వాడకండి. నాది ఒక సాయంత్రం గట్టిగా పాడించేసరికి నల్లబడి, రంగు గీతలు కూడా కనిపించకుండా పోయింది. ఇప్పుడు తెల్ల సిమెంటు రకం, 10 వాట్లది వాడుతున్నాను. కెపాసిటర్ ధ్రువాలు లేనిదే కావాలి.

మల్లేశ్వరం_మాధవ్:
ఒక పెట్టెకు మార్చి చూశాను. 10, 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్లను పక్కపక్కన కలిపాను. పద్మజ గారి పద్ధతిలో కొలిస్తే 1,000 హెర్ట్జ్ నుంచి పైకి 7, 8 ఓముల మధ్యే ఉంది. రెండు పెట్టెలనూ మార్చి మార్చి వింటే, మార్చిన దానిలో ‘స’ అక్షరం మెత్తబడింది. కానీ ట్వీటర్‌ను కొలిస్తే 900 హెర్ట్జ్ దగ్గర ఓములు గుట్టలా పెరిగి కనిపిస్తున్నాయి. దానికీ జోబెలేనా?

యలహంక_రవి:
కాదండీ, అది ట్వీటర్ అనునాదం. దానికి కాయిల్, కెపాసిటర్, రెసిస్టరు మూడూ వరుసగా కలిపి ట్వీటర్‌కు అడ్డంగా పెట్టాలి. గుట్ట ఎత్తు, వెడల్పు కొలిచి పెట్టండి, విలువలు కలిసి లెక్కిద్దాం.